పాలపిట్ట నిజంగా తగ్గిందా?
‘భారత పక్షుల స్థితి – 2023’ నివేదికపై ఒక విమర్శ

దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని మన పెద్దలంటారు. జమ్మిచెట్టు దగ్గర పూజ ముగించుకుని, ఊరి చివర పొలాల వైపు నడిచి, కరెంటు తీగ మీదో తుమ్మకొమ్మ మీదో కూర్చున్న ఆ నీలిరెక్కల పిట్ట కోసం వెతకటం తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఉన్న ఆచారం. తెలంగాణ రాష్ట్రపక్షి కూడా అదే. “మా చిన్నతనంలో ఊరు దాటగానే కనిపించేది, ఇప్పుడు ఎంత తిరిగినా కనిపించదు” అని పెద్దవాళ్ళు ఏటా అంటూనే ఉంటారు. ఈ మాటలో నిజమెంత? జ్ఞాపకం ఎంతగా మోసం చేస్తుందో మనకు తెలుసు. చిన్నప్పటి మామిడిపండు ఎప్పుడూ ఇప్పటి పండు కంటే తియ్యగానే ఉంటుంది! కనుక జ్ఞాపకం చాలదు, లెక్క కావాలి.

అలాంటి లెక్క ఒకటి 2023 ఆగస్టులో వెలువడింది. దాని పేరు ‘భారత పక్షుల స్థితి – 2023’. పాలపిట్ట దాదాపు 30 శాతం మేర తగ్గిందని, అదీ పన్నెండేళ్ళ వ్యవధిలోనేనని ఆ నివేదిక చెప్పింది. అప్పటికి ఆ పక్షి అంతర్జాతీయ జాబితాలో ‘ఆందోళన అక్కరలేని’ తరగతిలో ఉంది. దాని స్థితిని మళ్ళీ పరిశీలించాలని నివేదిక సిఫారసు చేసింది. అంటే పెద్దవాళ్ళ మాట నిజమేనన్నమాట. కానీ విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఇక్కడితో ఆగకూడదు. ఈ 30 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ వ్యాసంలో నివేదికను ఆ దృష్టితోనే పరీక్షిద్దాం.

నివేదిక ఏం చెబుతోంది?

ముందుగా పరిమాణం చూడండి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, భారత జంతు సర్వేక్షణ సంస్థ, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రం, నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ వంటి 13 సంస్థలు కలిసి దీన్ని తయారుచేశాయి. అయితే పొలాల్లో, చెరువు గట్ల మీద, అడవుల్లో పక్షులను చూసి రాసుకున్నవారిలో ఎక్కువమంది ఈ సంస్థల ఉద్యోగులు కారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, వైద్యులు, బ్యాంకు ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవారు: ఇలా 30 వేలమందికి పైగా ఔత్సాహికులు ‘ఈ-బర్డ్’ అనే కంప్యూటర్ వేదికలో నమోదు చేసిన సుమారు 3 కోట్ల పరిశీలనలు దీనికి ముడిసరుకు. మన దేశంలో జీవజాతుల మీద ఇంతమంది సామాన్యులు కలిసి ఇంత సమాచారం పోగుచేసిన సందర్భాలు అరుదు.

నివేదిక 942 జాతులను పరిశీలించింది. వాటిలో 338 జాతులకు మాత్రమే దీర్ఘకాలికమైన మార్పును, అంటే పాతికేళ్ళకు పైబడిన మార్పును, నిర్ణయించగలిగింది. ఈ 338లో 204 తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 పెరిగాయి. 2015 నుంచి ఏటేటా జరుగుతున్న మార్పును 359 జాతులకు లెక్కించగా 142 తగ్గుతున్నాయి, 189 నిలకడగా ఉన్నాయి, 28 పెరుగుతున్నాయి. మొత్తం మీద 178 జాతులను అత్యధిక శ్రద్ధ అవసరమైనవిగా గుర్తించారు.

ఏ పక్షులు తగ్గాయన్నది ఇంకా ముఖ్యం. మాంసాహారులు, కళేబరాలు తినేవి బాగా దెబ్బతిన్నాయి. గద్దలు, డేగలు, రాబందులు ఈ కోవలోవి. పచ్చికబయళ్ళను, చిట్టడవులను నమ్ముకున్న పక్షులు, చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి మన తీరాలకు వలసవచ్చే ఉల్లంకుల వంటివి కూడా తగ్గాయి. నెమలి, కోయిల, ఊళ్ళలోని పావురాలు పెరిగాయి. అంటే మనిషి పక్కన సర్దుకుపోగలిగినవి నిలబడుతున్నాయి, ప్రత్యేకమైన ఆవాసం కావలసినవి ఓడిపోతున్నాయి.

ఎలా లెక్కపెట్టారు?

ఇక్కడే అసలు విషయం ఉంది. దేశంలో పాలపిట్టలెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు, లెక్కపెట్టలేరు కూడా. నివేదిక కొలిచింది పాలపిట్టల సంఖ్యను కాదు. అవి కనబడే తరచుదనాన్ని. ఒక పరిశీలకుడు కొంతసేపు ఒకచోట తిరిగి, తాను గుర్తించిన పక్షులన్నిటినీ రాస్తే అది ఒక పూర్తి జాబితా. అలాంటి ప్రతి వంద జాబితాల్లో ఎన్నింటిలో పాలపిట్ట పేరుందో చూస్తారు.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. పూర్వం 1,000 జాబితాలు వచ్చాయి, 200 జాబితాల్లో పాలపిట్ట ఉంది: 20 శాతం. ఇప్పుడు 10,000 జాబితాలు వచ్చాయి, 1,400లో పాలపిట్ట ఉంది: 14 శాతం. పాలపిట్ట కనబడిన సందర్భాలు ఏడురెట్లు పెరిగాయి. అయినా తరచుదనం 20 నుంచి 14కు, అంటే 30 శాతం పడిపోయింది. “నేను మొన్ననే నాలుగు చూశాను, తగ్గాయంటారేమిటి?” అనేవారికి ఇదే సమాధానం. చూసేవాళ్ళు పెరిగినప్పుడు చూసిన సంఖ్యకు విలువ లేదు. ఎంత శ్రమపడితే ఎంత కనబడిందన్న దానికే విలువ. ఈ పద్ధతిలోని గట్టిదనం ఇదే.

కానీ ఇదే అంకెలను ఇంకోవిధంగా చూడండి. పూర్వం వచ్చిన ప్రతి వంద జాబితాల్లో 50 పల్లెపట్టుల నుంచి, 50 పట్టణాల నుంచి వచ్చాయనుకోండి. పల్లె జాబితాల్లో 40 శాతంలో పాలపిట్ట ఉంది, పట్టణ జాబితాల్లో అసలు లేదు. మొత్తం మీద 20 శాతం అయింది. ఇప్పుడు వందలో 35 మాత్రమే పల్లెల నుంచి వస్తున్నాయి, 65 పట్టణాల నుంచి వస్తున్నాయి. పల్లెలో పాలపిట్ట ఎప్పటిలాగే 40 శాతంలో ఉంది. మొత్తం ఎంతయింది? 14 శాతం! ఒక్క పిట్ట కూడా తగ్గకుండానే లెక్కలో 30 శాతం తగ్గిపోయింది. మారింది పక్షి కాదు, పక్షిని చూసే మనిషి నిలబడిన చోటు.

ఈ చిక్కు నివేదిక రాసినవారికి తెలియక కాదు. దేశాన్ని చదరపు గడులుగా విభజించి, ఋతువులను వేరుచేసి, జాబితాలోని మొత్తం జాతుల సంఖ్యను పరిశీలకుడి శ్రమకు కొలతగా తీసుకుని, వీలైనంతవరకు దీన్ని సరిచేశారు. ప్రతి అంకెతోపాటు పొరపాటుకు ఎంత అవకాశముందో కూడా ముద్రించారు. ఇది మెచ్చుకోవలసిన నిజాయితీ. అయినా ఒకే గడిలో పట్టణమూ ఉండవచ్చు, దాని పక్కన పొలమూ ఉండవచ్చు. పరిశీలకులు ఏళ్ళు గడిచేకొద్దీ పొలం నుంచి అపార్టుమెంటు డాబా మీదికి జరిగితే గడి ఆ సంగతి చెప్పదు. 2020లో లాక్‌డౌన్ నాడు ఎంతమంది ఇంటి కిటికీలోంచి పక్షులను చూశారో గుర్తుచేసుకుంటే ఈ మార్పు ఎంత త్వరగా రాగలదో అర్థమవుతుంది.

“60 శాతం పక్షులు తగ్గాయి”

నివేదిక వచ్చినప్పుడు ‘దేశంలో 60 శాతం పక్షులు తగ్గిపోయాయి’ అన్న అర్థంలో వార్తలు వచ్చాయి. ఇది తప్పు. 204 జాతులు 338లో 60 శాతం. పరిశీలించిన 942లో కాదు. మిగిలిన 604 జాతుల గురించి దీర్ఘకాలిక తీర్పు చెప్పటానికి ఆధారాలు చాలవని నివేదికే ఒప్పుకుంది. పోనీ, ఆ 338 జాతులు మిగతావాటికి ప్రతినిధులా? అదీ కాదు. ఎక్కువమంది తిరిగే చోట్ల ఎక్కువగా కనబడే జాతులకే లెక్క కుదిరింది. చీటీలు వేసి తీసిన నమూనా కాదది.

అలాగే 2020లో వెలువడిన మొదటి నివేదికలో అత్యధిక శ్రద్ధ అవసరమైన జాతులు 101 అయితే, 2023లో 178 అయ్యాయి. మూడేళ్ళలో 77 జాతులు ప్రమాదంలో పడ్డాయా? లేదు. మొదటిసారి 867 జాతులను పరిశీలిస్తే రెండోసారి 942ను పరిశీలించారు. సమాచారం దాదాపు కోటి పరిశీలనల నుంచి మూడు కోట్లకు పెరిగింది. లెక్కించే పద్ధతి కూడా మెరుగుపడింది. కొలబద్ద మారినప్పుడు రెండు కొలతలను తీసివేసి తేడా చెప్పకూడదు. ఈ హెచ్చరికను నివేదిక మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో వేసి ఉంటే బాగుండేది.

మంచి లెక్క మన నమ్మకాలను తలకిందులు చేయగలదనటానికి ఊరపిచ్చుక ఉదాహరణ. పిచ్చుకలు అంతరించిపోతున్నాయని ఊరూరా అనుకుంటున్న కాలంలో, 2020 నివేదిక అవి దేశం మొత్తం మీద నిలకడగానే ఉన్నాయని, హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతున్నాయని చూపింది. నగరవాసి తన వీధిని చూసి దేశమంతటి గురించి తీర్పు చెప్పాడన్నమాట. ఆ పొరపాటును లెక్క సరిదిద్దింది. అదే లెక్కలోకి నగరవాసి చూపు దొంగచాటుగా ప్రవేశిస్తే దాన్ని ఎవరు సరిదిద్దాలి?

మొదలు ఎక్కడ?

నా ప్రధానమైన ఫిర్యాదు ప్రారంభరేఖ గురించి. దీర్ఘకాలిక మార్పుకు నివేదిక తీసుకున్న మొదలు 2000 సంవత్సరానికి ముందు కాలం. ‘ఈ-బర్డ్’ ఏర్పడిందే 2002లో. అంతకు ముందటి సమాచారమంతా పాత డైరీల నుంచి తరువాత ఎక్కించినదే. అది తక్కువగా ఉన్నందువల్ల 2000కు ముందటి ఏళ్ళన్నిటినీ ఒకే ముద్దగా కలిపారు. ఆ రోజుల్లో పక్షులను చూసేవారు కొద్దిమంది. వారు దూరప్రయాణాలు చేసి పేరున్న సరస్సులకు, అభయారణ్యాలకు వెళ్ళేవారు. ఇప్పుడు వేలమంది తమ కాలేజీ ఆవరణలోనే చూస్తున్నారు. ఈ రెండు కాలాలను పోల్చటం, పండుగనాటి భోజనాన్ని మామూలు రోజు భోజనంతో పోల్చినట్టు ఉంటుంది.

మరి అంతకంటే పాత ఆధారాలు లేవా? ఉన్నాయి. 1931–32లో సలీం అలీ అప్పటి హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. ఏ పక్షి ఎక్కడ ఉండేదో తెలుసుకోవటానికి అది అమూల్యమైన పత్రం. కానీ ఆనాటి సర్వేల ఉద్దేశం పక్షులను సేకరించి, గుర్తించి, వర్ణించటం. ‘ఇంతసేపు ఇంత దూరం నడిస్తే ఇన్ని కనబడ్డాయి’ అన్న రూపంలో లెక్క రాయటం కాదు. అందువల్ల నాడు ఉండి నేడు లేని జాతిని అది పట్టి ఇస్తుంది. సగానికి తగ్గిన జాతిని పట్టి ఇవ్వలేదు. ఎంత గొప్ప శాస్త్రజ్ఞుడు రాసినా, శ్రమ ఎంతో రాయని లెక్క తరువాతి తరానికి సగమే ఉపయోగపడుతుంది.

రాబందులు నేర్పిన పాఠం

ఒకేచోట, ఒకే పద్ధతిలో, ఏళ్ళ తరబడి లెక్కపెట్టటం వల్ల ఏం ఒరుగుతుందో రాబందుల కథ చెబుతుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలదేవ్ జాతీయోద్యానంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుడు విభు ప్రకాశ్ 1980లలో తెల్లవీపు రాబందుల గూళ్ళను లెక్కించారు. అప్పుడు మూడువందలకు పైగా జంటలుండేవి. పదేళ్ళ తరువాత అదే చోట మళ్ళీ లెక్కిస్తే అవి సగానికి పడిపోయాయి. 2000 దాటిన కొద్ది ఏళ్ళకే ఒక్క గూడూ మిగలలేదు. పాత లెక్క ఉండబట్టే ఆయనకు అనుమానం వచ్చింది. 1990ల తొలి ఏళ్ళలో రోడ్ల వెంట వాహనంలో వెళుతూ చేసిన గణనను అవే దారుల్లో మళ్ళీ చేశారు. 1992తో పోలిస్తే 2007 నాటికి తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గాయని తేలింది. వెయ్యింట ఒకటి మిగిలింది!

పశువులకు నొప్పి తగ్గటానికిచ్చే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో పాకిస్థాన్‌లో జరిగిన పరిశోధన వెల్లడించింది. ఆ మందు మిగిలి ఉన్న కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై చనిపోతున్నాయి. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. భరత్‌పూర్‌లో ఆ పాత లెక్క లేకపోతే? రాబందులు తగ్గాయని అప్పుడూ జనం అనుకునేవారు. ఎంత తగ్గాయో, ఎప్పటి నుంచో ఎవరూ చెప్పలేకపోయేవారు. కారణం వెదకటం ఇంకా ఆలస్యమయ్యేది. ఆ వేగంతో పడిపోతున్న జాతికి అయిదేళ్ళ ఆలస్యమంటే ప్రాణాంతకం.

పాలపిట్ట విషయంలో మనకు భరత్‌పూర్ వంటి లెక్క లేదు. ఆ పక్షి తగ్గిందనే నేనూ అనుకుంటున్నాను. ఎందుకంటే మైదానాల్లో, బీళ్ళలో బతికే పక్షులనేకం అదే దారిలో ఉన్నాయని నివేదికలోనే కనబడుతోంది. ఒక్క జాతి అంకె పొరబడవచ్చు. అన్నీ ఒకే వైపుకు పొరబడటం కష్టం. కానీ ‘30’ అన్న అంకెను జ్వరం ఉందని చెప్పే థర్మామీటరుగా చూడాలి తప్ప, రోగమేమిటో తేల్చిన పరీక్షగా చూడకూడదు. పురుగుమందులా, బీళ్ళు మాయమవటమా, గూళ్ళకు తొర్రలున్న ముసలి చెట్లు నరకటమా? ఈ లెక్క ఒక్కటే దానికి జవాబివ్వలేదు.

తలుపులు తెరచిన లెక్క

ఇన్ని లోపాలు చెప్పాను కదా, మరి ఈ నివేదికను పక్కన పెట్టవచ్చా? ఎంతమాత్రం కాదు. పైన నేను చేసిన విమర్శ సాధ్యమైందంటే, నివేదిక తన పద్ధతిని, లెక్కకు వాడిన కంప్యూటర్ ఆజ్ఞావళిని, దత్తాంశాలను అందరి ముందు పెట్టటం వల్లనే. ‘ఈ-బర్డ్’ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా కోరి తెచ్చుకోవచ్చు. వేటగాళ్ళ భయమున్న జాతులకు మాత్రం ఖచ్చితమైన చోటు దాస్తారు. అది న్యాయమే. నిజామాబాదులో చదువుతున్న విద్యార్థి కూడా ఆ దత్తాంశాలు తీసుకుని, పట్టణ జాబితాలను వేరుచేసి, పాలపిట్ట లెక్కను మళ్ళీ కట్టవచ్చు. నివేదికది తప్పని తేలితే నిరూపించనూ వచ్చు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ మన పులుల పాత లెక్క. 1972 నుంచి దశాబ్దాల పాటు అడుగుజాడలను బట్టి పులులను గుర్తించి లెక్కపెట్టేవారు. ఏ జాడ ఏ పులిదో నిర్ణయించేది ఆ అడవి సిబ్బందే. ఆ నిర్ణయాన్ని బయటివాడు సరిచూసే వీలు లేదు. చివరికి 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో, కాగితాల మీద పులులున్నాయి గానీ అడవిలో ఒక్కటీ లేదని బయటపడింది. ఆ తరువాతనే కెమెరాలతో ఫొటోలు తీసి చారలను బట్టి పులులను గుర్తించే పద్ధతి దేశవ్యాప్తంగా వచ్చింది. మూసిన పుస్తకంలోని తప్పు పెరుగుతూ పోతుంది. తెరచిన పుస్తకంలోని తప్పును ఎవరో ఒకరు దిద్దుతారు.

అయినా ఒక వెలితి చెప్పుకోవాలి. మన పక్షుల గురించి మనవాళ్ళు రాసిన సమాచారం ప్రధానంగా ఉన్నది అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం నడిపే వేదికలో. వారు దాన్ని చక్కగా, ఉదారంగా నడుపుతున్నారు. అందులో సందేహం లేదు. కానీ వందేళ్ళ పాటు సాగవలసిన జాతీయ రికార్డుకు మన దేశంలో, ప్రజాధనంతో నడిచే ఒక శాశ్వతమైన భాండాగారం కూడా ఉండాలి.

ఇక చేయవలసిందేమిటి?

ఔత్సాహికుల జాబితాలకు తోడుగా, ఎంచుకున్న చోట్లలో కట్టుదిట్టమైన గణన కావాలి. ఇది అసాధ్యం కాదని కేరళ చూపింది. 2015 నుంచి 2020 వరకు వెయ్యిమందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు, ముందుగా నిర్ణయించిన గడుల్లో, ఒకే పద్ధతిలో ఏడాదికి రెండుసార్లు తిరిగి రాష్ట్రమంతటికీ పక్షుల పటం తయారుచేశారు. ఇష్టమైన చోటికి కాదు, చీటీలో వచ్చిన చోటికి వెళ్ళారు. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ 1988 నుంచి 50 హెక్టార్ల స్థలంలో చెట్లకు అంకెలు వేసి, వాటి పుట్టుక, చావు, పెరుగుదల రాస్తూ వస్తోంది. మన శేషాచలంలో, నల్లమలలో, కవ్వాలలో, కొల్లేరు గట్ల మీద ఇలాంటివి ఎన్నో కావాలి. కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో తిరిగి కనబడిన కలివికోడి వంటి రాత్రించర పక్షికి ఔత్సాహికుల పగటి జాబితాలు ఎన్ని కోట్లున్నా ఉపయోగం లేదు. దాన్ని ఆ ముళ్ళపొదల్లోనే, రాత్రిళ్ళు, ఓపికగా వెదకాలి.

చిక్కేమిటంటే మన పరిశోధనలకు డబ్బు సాధారణంగా మూడేళ్ళకో అయిదేళ్ళకో ఇస్తారు. వానలు ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ పడే దేశంలో మూడేళ్ళ లెక్క వానల గురించి చెబుతుందే గాని పక్షుల గురించి చెప్పదు. అయితే విద్యాసంస్థలు మూడేళ్ళ తరువాత మూతపడవు. ఒక తరగతి వెళ్ళిపోతే ఇంకో తరగతి వస్తుంది. దీర్ఘకాలిక గణనకు ఇంతకంటే తగిన చోటు ఇంకెక్కడుంది?

కాబట్టి విద్యార్థి మిత్రులకు ఒక సూచన. మీ కాలేజీ దగ్గర ఒక చెరువు గట్టునో పొలం దారినో ఎంచుకోండి. వారానికోసారి, అదే రోజున, అదే వేళకు, ఒక కిలోమీటరు నడవండి. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఎంతమంది చూశారో రాయండి. కనబడిన ప్రతి పక్షినీ రాయండి. కాకినీ గోరింకనూ వదలకండి. పాలపిట్ట కనబడని రోజున కూడా ‘పాలపిట్ట – 0’ అని రాయటం మరవకండి. ఆ సున్నాయే రేపు అన్నిటికంటే విలువైన అంకె కావచ్చు. ఆ పుస్తకాన్ని వేదికలోనూ నమోదు చేయండి, కాలేజీ గ్రంథాలయంలోనూ ఒక ప్రతి ఉంచండి. కోర్సు ముగించి వెళ్ళేటప్పుడు మీ జూనియర్లకు అప్పగించండి.

ఇరవై ఏళ్ళ తరువాత ఒక దసరా నాడు, పాలపిట్ట తగ్గిందా లేదా అని ఎవరైనా అడిగితే, ఆ పుస్తకం తీసి చూపవచ్చు.